వెన్నెముక ఆపరేషను తరువాత నొప్పి నివారణ: వెన్నులోనికి ఇచ్చు మందుల గుణదోషములు

(పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



వ్యవసాయము చేయు కుటుంబములలో నడుము నొప్పి యెరుగని యిల్లు అరుదు. బస్తాలు మోయుట, దినమంతయు వంగి నాట్లు వేయుట వెన్నెముకకు శ్రమ కలిగించును. ఈ నొప్పులలో అధిక భాగము ఆపరేషను లేకయే నయమగును. కాని పూసల నడుమనుండు డిస్కు వెలికి వచ్చి నరమును నొక్కినప్పుడు, లేక నరములు పోవు మార్గము ఇరుకైనప్పుడు కొందరికి శస్త్రచికిత్స తప్పనిసరి యగుచున్నది. అట్టి కుటుంబమువారు పట్టణమునకు బయలుదేరుటకు ముందు మీ సలహా కోరుదురు. వెన్నులో సూది వేసినచో జన్మమంతయు నడుము పట్టుకొనునట గదా యని భయపడుదురు. వారికి చెప్పవలసిన సంగతులను మీ ముందుంచుటయే నా యుద్దేశము.

నొప్పిని ఓర్చుకొనుటయే మగతనమని తలచువారు గలరు. ఇది సరికాదు. నొప్పితో బాధపడు రోగి కదలడు, గాఢముగా ఊపిరి తీయడు, దగ్గుటకు జంకును. అందువలన ఊపిరితిత్తులలో కఫము చేరును. కాళ్ల సిరలలో నెత్తురు గడ్డకట్టవచ్చును. త్వరగా లేచి నడచినవాడే త్వరగా కోలుకొనును. కావున నొప్పి నివారణ చికిత్సలో ఒక భాగమే గాని విలాసము కాదు.

పెద్దవారిలో వెన్నుపాము సాధారణముగా నడుము మొదటి, రెండవ పూసల వద్ద ముగియును. దానికి దిగువన పొరతో చేసిన సంచివంటి దానిలో స్వచ్ఛమైన ద్రవమును, నరములును మాత్రమే యుండును. సూది వేయునది అచ్చటనే. జర్మనీ దేశమున ఆగస్టు బియర్ అను వైద్యుడు 1898లోనే ఈ మార్గమున మత్తు ఇచ్చెను. నల్లమందునుండి తీసిన మార్ఫిన్‌ను ఈ ద్రవములోనికి ఇచ్చి నొప్పి తగ్గించిన వార్త 1979లో వెలువడెను. శరీరమునందలి నొప్పి వార్త వెన్నుపాము ద్వారమున మెదడునకు పోవును. పొలము పొలమునకు గట్లు వేయుటకంటె తూము వద్దనే నీటిని తగ్గించుట సులభము గదా! ఇదియు నట్టిదే. అందుచేతనే స్వల్పమైన మందు చాలును.

ఈ మందులు ప్రధానముగా మూడు.

మొదటిది బ్యుపివకెయిన్. 1957లో స్వీడన్ దేశమున తయారైనది. ఇది నరమునే తాత్కాలికముగా మొద్దుబారజేయును. నొప్పితోపాటు స్పర్శయు, కదలికయు పోవును. ఆపరేషను జరుగునప్పుడు ఇది గుణమే. తరువాత మాత్రము చిక్కు కలదు. రోగి మెలకువ రాగానే కాలివ్రేళ్లు కదల్చుమని సర్జను అడుగును. లోపల నెత్తురు గడ్డ చేరి నరములను నొక్కుచున్నచో తెలియజేయు ముఖ్య సూచనలలో కాళ్ల బలహీనత యొకటి. మందువలననే కాళ్లు మొద్దుబారియున్నచో ఆ ప్రమాదము మరుగుపడిపోవును. కొన్ని ఆసుపత్రులలో ఈ మందును పలుచన చేసి సన్నని గొట్టము ద్వారా వెన్నుపొర వెలుపల ఎక్కింతురు. మోతాదు పెంచుటకు, తగ్గించుటకు వీలుండుట దీని మేలు. గొట్టము జారుట, రక్తపోటు పడిపోవుట దీని కీడు.

రెండవది ఫెంటనిల్. 1960లో బెల్జియమున తయారైనది. ఇది కొవ్వులో సులభముగా కరగును గనుక కొద్ది నిమిషములలోనే నరముల కణజాలమున చేరి పనిచేయును. రెండు మొదలు నాలుగు గంటలలో దాని బలము తగ్గిపోవును. చిన్న ఆపరేషనుకు ఉపయోగకరము. పూసలను మరలతో బిగించు పెద్ద ఆపరేషను పిమ్మట రాత్రి గడచుటకు ఇది చాలదు.

మూడవది మార్ఫిన్. ఇది నీటిలో కలిసియుండు స్వభావము గలది. పనిచేయుటకు కొంత ఆలస్యమైనను, ఒక్క మోతాదు పదునెనిమిది మొదలు ఇరువదినాలుగు గంటల వరకు నిలుచును. కాళ్ల బలమును తీయదు. సాధారణ మోతాదు 100 మొదలు 300 మైక్రోగ్రాములు. కండలోనికిచ్చు 10 మిల్లీగ్రాములలో ఇది నూటికి ఒకటి మొదలు మూడు వంతులు మాత్రమే. సర్జను గాయము మూయుటకు ముందు కంటితో చూచుచునే దీనిని ఇయ్యవచ్చును. తొలి దినపు నొప్పి దీనివలన బాగుగా తగ్గును. తరువాతి దినములకు మాత్రలు కావలసినదే.

దోషములును కలవు. దురద, వాంతులు, మూత్రము బిగియుట సంభవించును. అరుదైనను అన్నిటికంటె ప్రమాదకరమైనది శ్వాస మందగించుట. ద్రవములో కలిసిన మందు మెల్లగా పైకి పోయి, ఊపిరిని నడిపించు మెదడు భాగమును చేరవచ్చును. కావున ఈ యపాయము వెంటనే గాక, కొన్ని గంటల పిమ్మట, అందరును నిదురించు వేళ రావచ్చును. మొదటి పండ్రెండు గంటలు గంటకొకమారైనను, తరువాతి పండ్రెండు గంటలు రెండు గంటలకొకమారైనను రోగి శ్వాసను, మెలకువను పరీక్షించవలెనని అమెరికా మత్తువైద్యుల సంఘము సూచించినది. విరుగుడుగా నలోక్సోన్ అను మందు కలదు. దానిని సకాలమున ఇచ్చుటకు మనిషి యుండవలెను.

ఏ మందు మేలైనదని మీరడుగవచ్చును. ఆ రాత్రి మేలుకొని చూచు నర్సు యున్నచోట, పెద్ద ఆపరేషనుకు మార్ఫిన్ మేలు. అట్టి కాపలా లేనిచోట అదే మందు కీడు. అచ్చట పారాసిటమాల్ వంటి మందులు, గాయము వద్ద ఇచ్చు మత్తుసూది క్షేమము. చిన్న డిస్కు ఆపరేషనుకు తరచుగా ఇవియే చాలును.

మార్ఫిన్ మత్తుకు బానిసను చేయునేమో యని కొందరు శంకింతురు. ఆసుపత్రిలో ఇచ్చు ఒక్క మోతాదు విషయమున ఈ భయము అక్కరలేదు. 1985 నాటి మత్తుపదార్థముల చట్టమును 2014లో సవరించి, వైద్యమునకు అవసరమైన ఇట్టి మందులు ఆసుపత్రులకు లభించు మార్గమును సులభము చేసిరి. ఇక సూది భయము. గ్రుచ్చినచోట కొద్ది దినములు నొప్పి, కొందరికి తలనొప్పి రావచ్చును. అంతే గాని జన్మమంతయు నడుము నొప్పి దీనివలన రాదు.

ఇక మీ కర్తవ్యము. రోగికి మద్యపానము, నిద్రమాత్రలు, రక్తమును పలుచన చేయు మందులు అలవాటున్నచో, గురకతో ఊపిరి ఆగుచున్నచో, మూత్రపు ఇబ్బంది యున్నచో దాచక మత్తువైద్యునితో చెప్పుమనుడు. వెన్నులోనికి ఏ మందు ఇత్తురు, ఇరువదినాలుగు గంటలు ఎవరు కనిపెట్టియుందురు అని అడుగుటకు వెనుదీయవలదనుడు. తోడుండువారు రోగి మత్తుగా పడియుండి పిలిచినను పలుకనిచో హాయిగా నిదురించుచున్నాడని మురియక తక్షణమే నర్సును పిలువవలెను. ఇంటినుండి తెచ్చిన మాత్రలు ఇయ్యరాదు. ఇల్లు చేరిన పిమ్మట కాళ్లలో కొత్తగా బలహీనత, మర్మస్థానమున తిమ్మిరి, మూత్రము నిలిచిపోవుట, జ్వరము, గాయమునుండి చీము కనిపించినచో తైలమర్దనములతో కాలము గడుపక ఆసుపత్రికి పంపుడు. అర్ధరాత్రి యైనను బండి సమకూర్చి పంపగల శక్తి గ్రామమున మీకే గలదు. ఆ శక్తిని సకాలమున వినియోగింతురని నమ్ముచు, విరమించుచున్నాను.