సెల్ఫ్ తిరగడం లేదా, తిరిగినా ఇంజను అందుకోవడం లేదా?

(రైతు సంఘం మండల శిక్షణ తరగతిలో ఒక ట్రాక్టరు మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



తొలకరి పడిందంటే మా షెడ్డుకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే మాట: "బండి స్టార్ట్ కావడం లేదు, వెంటనే రా." వాన పదును నాలుగు రోజులు కూడా నిలవదు. ఆ తొందరలో ఎవరేది చెబితే అది కొనేస్తాం. కొత్త బ్యాటరీ వేయిస్తాం, మర్నాడు పొద్దున మళ్లీ అదే గోల. బ్యాటరీ బాగానే ఉంటుంది, చెడింది దాని కొమ్ముల మీద పేరుకున్న చిలుము వల్ల. అప్పు చేసి తెచ్చిన పెట్టుబడి అలా పోతోంది కాబట్టే ఈ విషయం సంఘం తరగతిలో పెట్టమని అడిగాను.

ముందుగా మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. సెల్ఫ్ తిరగడం లేదా, లేక తిరుగుతున్నా ఇంజను అందుకోవడం లేదా? ఇవి రెండు వేరువేరు జబ్బులు. సెల్ఫ్ తిరగకపోతే వెతకాల్సింది కరెంటు దారి. జోరుగా తిరిగి కూడా అందుకోకపోతే డీజిల్ దారి. ఫోనులో ఈ ఒక్క ముక్క చెబితే మెకానిక్ సరైన సామాను పట్టుకొస్తాడు.

సెల్ఫ్ తిరగనప్పుడు హెడ్‌లైటు వేసి తాళం తిప్పండి. లైటు బాగా మసకబారి, టకటకమని చప్పుడు వస్తే బ్యాటరీలో బలం లేదు, లేదా బిగింపు వదులైంది. ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ ఊడదీయండి. బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. వేడినీళ్లలో వంటసోడా కలిపి చిలుము కడగండి, ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు. గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించండి. మైనస్ తీగ రెండో కొస బండి బాడీకి బిగించి ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. అక్కడ తుప్పో, రంగో అడ్డుపడితే కొత్త బ్యాటరీ కూడా పనిచేయదు.

మీటరు ఉంటే ఇంకా మంచిది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టే, చార్జి పెట్టించాలి. ఎండాకాలం రెండు నెలలు బండి పక్కన పెట్టేటప్పుడు మైనస్ తీగ ఊడదీసి ఉంచితే చాలామందికి ఈ బాధే ఉండదు.

లైటు వెలుగు తగ్గకుండా ఒక్క 'టక్' మని ఊరుకుంటే సోలినాయిడ్‌నో, సెల్ఫ్ లోపలి కార్బన్ బ్రష్షులనో అనుమానించండి. అది షెడ్డు పని. అసలు చప్పుడే లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కారా, గేరు, పీటీవో న్యూట్రల్‌లో ఉన్నాయా చూడండి. చాలా బండ్లకు అక్కడ సేఫ్టీ స్విచ్ ఉంటుంది. తర్వాత ఫ్యూజు, ఎలుకలు కొరికిన వైర్లు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కింద నిలబడి పానాతోనో, స్క్రూడ్రైవరుతోనో సెల్ఫ్ బోల్టులు కలిపి స్టార్ట్ చేసే అలవాటు మన ఊళ్లలో ఉంది. అలా చేస్తే సేఫ్టీ స్విచ్ పనిచేయదు. గేరులో ఉంటే బండి కదులుతుంది, మనిషి ఉండేది సరిగ్గా వెనక చక్రం ముందర. దుక్కి ఒకరోజు ఆగినా ఫర్వాలేదు, సీటు మీద కూర్చుని తప్ప స్టార్ట్ చేయకండి. పిల్లలకు ఈ కిటుకు అసలు నేర్పకండి.

ఇక డీజిల్ దారి. నవ్వకండి గానీ, ముందు స్టాప్ రాడ్డు లాగి వదిలేశారేమో చూడండి. తర్వాత ట్యాంకు కింద ట్యాపు. సెల్ఫ్ తిరుగుతున్నా సైలెన్సరు నుంచి పొగే రాకపోతే ఇంజనుకు డీజిల్ అందడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, మండడం లేదు. ట్యాంకు ఒకసారి ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా లైనులో గాలి పడుతుంది. మామూలు పంపు ఉన్న పాత బండ్లలో ఫిల్టరు పైనున్న స్క్రూ కాస్త వదులు చేసి, చేతిపంపు కొడుతూ ఉండండి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించండి. నాజిళ్లకు వెళ్లే సన్నగొట్టాల జోలికి మాత్రం పోవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది. సెల్ఫ్ ఒకేసారి 10 సెకన్లు మించి కొట్టకండి. ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. లేకపోతే మంచి సెల్ఫ్ కూడా కాలిపోతుంది.

ఇంతవరకు మన చేతిలో ఉన్నది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 పొగ నిబంధనలు వచ్చాయి. వాటితోపాటు ఎలక్ట్రానిక్ పంపులు, సెన్సార్లు పెరిగాయి. పొగ తగ్గడం మంచిదే. కానీ ఒక సెన్సారు చెడి బండి ఆగితే, ఏం చెడిందో చెప్పే ల్యాప్‌టాప్ డీలరు దగ్గరే ఉంటుంది. అతను వచ్చేదాకా పదును ఆగదు గదా. 2022 జులైలో కేంద్రం 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసినప్పుడు ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలూ ఉన్నాయి. ఆ హక్కు మన షెడ్డుదాకా రావాలంటే ప్రతి బండితో వైరింగు బొమ్మ, తప్పు కోడుల పట్టీ తెలుగులో ఇవ్వాలి. కోడు చదివే పరికరం బయటి మెకానిక్‌కు కూడా అమ్మాలి. ఈ రెండూ మన కోర్కెల పత్రంలో చేర్చమని నాయకులను కోరుతున్నాను.

బయట రెండు ట్రాక్టర్లు పెట్టించాం. ఒకదాని మైనస్ తీగ నేనే వదులు చేశాను, రెండోదానికి డీజిల్ లైనులో గాలి ఎక్కించాను. టీ తాగి రండి, మీ చేత్తోనే స్టార్ట్ చేద్దురుగాని.