దరఖాస్తు ముగింపు మాట

పిల్లల కోసం మేము ఒక చిన్న సంగతి మనవి చేస్తాము.

టి.సి.కో, నౌకరీకో ఇంగ్లీషులో దరఖాస్తు పెట్టాలంటే మన పిల్లలు పైసలిచ్చి ఇంకొకరితో వ్రాయించుకుంటున్నారు. తీరా ముగింపు దగ్గర చెయ్యి ఆగిపోతుందట!

ఉర్దూ అర్జీలో ‘ఫిద్వీ’ అనీ, స్నేహితుని ఉత్తరంలో ‘ఆప్ కా ముఖ్లిస్’ అనీ వ్రాస్తాం. తెలుగు అర్జీలో ‘ఇట్లు తమ విధేయుడు’ అంటాం. ఎవరికి ఏది తగునో మనకు తెలియనిదా? ఇంగ్లీషులోనూ అంతే. పేరు లేకుండా ‘డియర్ సర్’ అని మొదలుపెడితే చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. పేరు పెట్టి ‘డియర్ మిస్టర్ అహ్మద్’ అంటే ‘యువర్స్ సిన్సియర్లీ’. ఇది బ్రిటిష్ పద్ధతి, మన బళ్ళలో నేర్పేదీ ఇదే. అమెరికావాళ్ళు చాలావరకు రెండు చోట్లా ‘సిన్సియర్లీ’ అనే వ్రాస్తారు.

ఇంకొకటి. ‘యువర్స్’లో ఎస్‌కు ముందు, పైన కామా పెట్టరాదు. మొదటి మాటకే పెద్ద అక్షరం, రెండోదానికి చిన్నది.

ఇంట్లో పదిసార్లు వ్రాయించండి, చాలు. మన పిల్లల దరఖాస్తు వాళ్ళ చేతివ్రాతలోనే పోవాలని మా కోరిక. సెలవు.