బడి పక్కన అంకె: ఇల్లు కొనేముందు ఒక్క మాట
(వేదిక నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు మా ఆవిడా నేనూ ముందు చూసింది బడి పక్కనున్న అంకె. తొమ్మిదో పదో ఉంటేనే కారు తీసేవాళ్లం. ఆరు ఉన్న వీధికి వెళ్లనేలేదు. మీలో చాలామందీ ఇదే చేసి ఉంటారు. టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ర్యాంకులు అరిచే కాలేజీ ప్రకటనలు వింటూ పెరిగినవాళ్లం కదా!

జిల్లో లాంటి సైట్లలో కనబడే ఆ రేటింగు గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇస్తుంది. అందులో రాష్ట్ర పరీక్షల మార్కులది పెద్ద పాత్ర. పిల్లలు ఏటేటా ఎంత ఎదిగారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటూ 2017లో వాళ్లే పద్ధతి మార్చారు. ఎందుకంటే ఉత్త మార్కులు బడి కన్నా తల్లిదండ్రుల జీతాల గురించే ఎక్కువ చెబుతాయి. చదువుపై కుటుంబ నేపథ్యం ప్రభావం ఎంత బలమైనదో 1966లోనే కోల్‌మన్ నివేదిక చెప్పింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ 2017లో షికాగో ప్రభుత్వ బడుల లెక్కలు తీశారు. మూడో తరగతిలో దేశ సగటు కన్నా బాగా వెనకబడిన ఆ పిల్లలు, ఎనిమిదికి వచ్చేసరికి ఐదేళ్లలో ఆరేళ్ల చదువు నేర్చారు. ఇది మంచి బడా, చెడ్డ బడా?

మరి ఏం చూడాలి? 2015 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ బడుల రిపోర్టు కార్డు ప్రచురించాలి. ఒక్కో విద్యార్థిపై ఖర్చు, తరచూ బడి మానే పిల్లలు, అనుభవం లేని టీచర్ల శాతం అందులో ఉంటాయి. తర్వాత బడికి వెళ్లండి. నిరుడు ఎందరు టీచర్లు మానేశారో అడగండి. ఆ ఇల్లు ఏ బడి కిందికి వస్తుందో డిస్ట్రిక్టునే అడగండి. సరిహద్దులు మారుతుంటాయి.

మేం రెండు బడులకి వెళ్లాం. చదవడంలో వెనకబడిన పిల్లని ఏం చేస్తారని అడిగాం. మా అమ్మాయి గురించే ఆ ప్రశ్న. తొమ్మిది వచ్చిన బడిలో, "ఇక్కడ చాలామంది బయట ట్యూషన్ పెట్టించుకుంటారు" అన్నారు. ఆరు వచ్చిన బడిలో ప్రిన్సిపాల్ మమ్మల్ని రీడింగ్ టీచర్ గదికి తీసుకెళ్లి, ఆవిడతో మాట్లాడించింది. ఇల్లు అక్కడే కొన్నాం. "రేపు అమ్మాలంటే ఎలా?" అని మా బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ రిస్కు తెలిసే తీసుకున్నాం. ఇప్పుడు మా అమ్మాయి రాత్రి పడుకునేముందు తనే పుస్తకం తెచ్చి మాకు చదివి వినిపిస్తోంది.

ఒక మాట ఒప్పుకుందాం. ఆ తొమ్మిదిలో మన పిల్లల శనివారం కోచింగ్ కూడా కలిసి ఉంది. మనమంతా ఆ అంకె వెంట పరిగెత్తి ధరలు పెంచుతున్నాం, ఆరు వచ్చిన బడికి అడిగే తల్లిదండ్రులు లేకుండా చేస్తున్నాం. పౌరసత్వం వచ్చినవాళ్లు స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు వేయండి. రానివాళ్లు బోర్డు సమావేశాలకి రండి, మాట్లాడండి. ప్రాపర్టీ టాక్సు మనమూ కడుతున్నాం. అడిగే హక్కు మనకీ ఉంది.

సెలవు.