కాపలా కుక్కకు కొత్త వేళలు అలవాటు చేయుట

(రైతు శిక్షణ తరగతిలో ఇచ్చిన ఉపన్యాసము)



పైరుపచ్చలను గురించి చెప్పవలసినవాడు కుక్కను గురించి మాట్లాడుట ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. సేద్యములో ఏ మార్పు చేసినా ఇంటి పనుల వేళలు మారుతాయి. పైరు మార్చినా, నీటి వసతి మారినా, కోత ముగిసినా ఇంటిల్లిపాదీ లేచే వేళ, తినే వేళ, పడుకొనే చోటు మారుతుంది. పాలు పిండే వేళ తప్పితే గేదె సరిగా చేపదని మనకు తెలుసు గనుక దాని వేళ తప్పనీయము. కాని రాత్రింబగళ్ళు మనలను కనిపెట్టుకొని ఉండే కుక్క సంగతి ఆలోచించము. అది మొరిగితే కసురుతాము. తిండి మానితే జబ్బంటాము. ఊరి మీదికి పోతే పనికిమాలినదంటాము. మంచి కాపలా కుక్కలు చెడిపోవుటకు తరచుగా ఇదే కారణము.

కుక్కకు వేళ ఎట్లు తెలుస్తుంది?

కుక్క గడియారము చూడదు. ఒక పని తరువాత ఒక పని వచ్చే వరుసను బట్టి వేళ తెలుసుకుంటుంది. పాలచెంబు చప్పుడైతే తెల్లవారినదని, యజమాని చేతికర్ర తీస్తే పొలానికి బయలుదేరుటయని దానికి గుర్తు. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ జీర్ణక్రియను గురించిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము పొందినాడు. తిండి నోటికి అందక ముందే, తెచ్చే మనిషి అలికిడికే కుక్క నోరు ఊరుతుందని ఆయన గమనించినాడు. ఒక శబ్దము చేసి వెంటనే తిండి పెట్టుచు వచ్చినపుడు, కొన్నాళ్ళకు శబ్దము వినగానే నోరు ఊరినది. శబ్దము చేసి తిండి పెట్టుట మానగా ఆ అలవాటు క్రమముగా సన్నగిల్లినది. మనకు కావలసిన పాఠము ఇందులోనే ఉన్నది. పాత గుర్తులు ఒక్కనాటితో పోవు. కొత్త గుర్తులను తిండితోను, ఆదరణతోను ముడిపెట్టి నేర్పవలెను.

మార్పులు వచ్చే సందర్భాలు

మొక్కజొన్న, వేరుశనగ చేలకు అడవిపందుల బెడద ఉన్నచోట రైతు కుక్కతో సహా నెలల తరబడి మంచె దగ్గరే రాత్రులు గడుపుతాడు. కోత కాగానే కుక్కను ఇంటికి తెచ్చి గుంజకు కట్టివేస్తాడు. నిన్నటివరకు రాత్రి మేలుకొని తిరుగుట దాని ఉద్యోగము. ఈనాడు అదే నేరము. తెలంగాణలో 2018 జనవరి 1వ తేదీ నుండి వ్యవసాయ పంపుసెట్లకు 24 గంటల విద్యుత్తు సరఫరా మొదలైనపుడు, రాత్రివేళ మోటారు వేయుటకు బావి దగ్గరకు పోవలసిన అవసరము ఎందరో రైతులకు తీరినది. అది రైతుకు సుఖమే. టార్చిలైటు వెలుగులో అతని వెంట నడిచిన కుక్కకు మాత్రము రోజూ చేసే పని పోయినది.

ఇబ్బందికి గుర్తులు

రాత్రివేళ ఊరక మొరుగుట, ఏడ్చుట, గడప దగ్గర గోకుట, చెప్పులు, పలుపుత్రాళ్ళు కొరుకుట, తిండి తగ్గించుట, ఒకే మనిషిని వదలకుండా తిరుగుట, పాత కళ్ళము దగ్గరకు పోయి పడుకొనుట, దగ్గరకు వచ్చిన పిల్లలపై గుర్రుమనుట ముఖ్యమైన గుర్తులు. ఇవి పొగరు కావు. తెల్లవారి చెప్పు కొరికియుండుట చూచి కొట్టినందువలన లాభము లేదు. రాత్రి చేసిన పనికి, ఉదయము పడిన దెబ్బకు గల సంబంధము కుక్క గ్రహించలేదు. కొట్టిన మనిషిని చూచి భయపడుట మాత్రమే నేర్చుకుంటుంది. భయపడిన కుక్క కరుస్తుంది.

అలవాటు చేయు పద్ధతి

1. మూడింటిని ఒకేసారి మార్చరాదు. తిండి, పడక, తిండి పెట్టే చేయి — ఈ మూడింటిలో ఒకటి మార్చవలసి వచ్చినపుడు మిగిలిన రెండు పాతవే ఉంచవలెను. చోటు మారినపుడు అది పడుకొనే పాత గోనెను ఉతకకుండా కొత్త చోట వేయవలెను. తన వాసన ఉన్నచోటు తనదని దానికి నమ్మకము.

2. వేళను కొద్దికొద్దిగా జరుపవలెను. పొలము దగ్గర రాత్రి 9 గంటలకు తినే కుక్కకు ఇంటి దగ్గర సాయంత్రము 6 గంటలకు పెట్టవలసి ఉన్నదనుకొనుడు. రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరిపితే 12 రోజులలో సరిపోతుంది.

3. కట్టివేయుట మెల్లగా నేర్పవలెను. మొదటి రోజు తినునంత సేపే కట్టవలెను. తరువాత అరగంట, ఆపైన గంట, ఇట్లు పెంచవలెను. నీడ, నీళ్ళు అందుబాటులో ఉండవలెను. కుక్క ముఖ్యముగా నాలుక చాచి ఒగర్చుట చేతనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది గనుక ఎండలో కట్టుట ప్రాణాపాయము. అది మొరుగుచుండగా విప్పరాదు. ఊరకున్న క్షణము చూచి విప్పవలెను. మొరిగినపుడు విప్పితే, మొరిగితే విప్పుతారని నేర్చుకుంటుంది.

4. పోయిన పనికి బదులు పని ఇవ్వవలెను. పాత కాపలా వేళకు ముందు అరగంట సేపు గట్ల వెంబడి త్రిప్పుకొని రావలెను. అలసిన కుక్క పడుకుంటుంది.

5. ఒంటరితనము అలవాటు చేయవలెను. అయిదు నిమిషాలు తలుపు వేసుకొని, కుక్క ఊరకున్నపుడే తలుపు తీసి, హడావిడి లేకుండా పలుకరించవలెను. రోజురోజుకు ఆ వ్యవధి పెంచవలెను.

నారు పీకి నాటిన వరి మూన తిరుగుటకు వారము పది రోజులు పడుతుంది. ఆ రోజులలో ఆకు వాడినదని ఎవరమూ పైరును పీకివేయము. నీరు సరిగా ఉంచి కనిపెట్టుకొని ఉంటాము. కుక్కకు కూడ అటువంటి గడువు కావలెను. సాధారణముగా రెండు మూడు వారాలు పడుతుంది. ముసలి కుక్కకు ఇంకను ఎక్కువ పట్టవచ్చును.

ఇంట పసిబిడ్డ ఉన్నపుడు

కూతురు పురిటికి వచ్చిన ఇంట కుక్కను వరండా నుండి పశువుల పాకకు మార్చవలసి ఉంటే, బిడ్డ పుట్టుటకు నెల ముందే మార్చవలెను. బిడ్డ వచ్చిన నాడే దానిని వెళ్ళగొట్టినచో దాని కలత, బిడ్డ రాక ఒకే వేళకు కలిసివస్తాయి. ఎంత సాధువైన కుక్కయైనను పసిబిడ్డ దగ్గర ఒంటరిగా వదలరాదు. తినుచున్న కుక్క దగ్గరకు, నిద్రించుచున్న కుక్క దగ్గరకు పోరాదని ఇంటి పిల్లలకు చెప్పవలెను.

పెంచినవారు దూరమైనపుడు

కొడుకు చదువుకో, ఉద్యోగానికో పట్నము పోవునపుడు ప్రయాణానికి పది రోజుల ముందు నుండి అతడు ప్రక్కన నిలబడి, తరువాత చూచుకొనబోయేవారి చేత తిండి పెట్టించవలెను. ఇంటి పెద్ద కాలము చేసినపుడు ఈ వ్యవధి దొరకదు. ఆయన కండువాను కుక్క పడకపై వేసి, ఆయన నడచిన దారినే, ఆ వేళకే, ఇంట మరొకరు దానిని తీసుకొనిపోవలెను. పెద్దాయన పోయిన తరువాత కుక్క తిండి మాని ఏడ్చుచున్నదని, అది అశుభమని తరిమివేయుట తగదు. ఆ ఇంట అందరికీ కలిగిన లోటే దానికీ కలిగినది.

భూమి కౌలుకిచ్చి కుటుంబము పట్నము చేరునపుడు కుక్కను ఊరిలో వదలివేయుట జరుగుతున్నది. తిండి పెట్టేవారు లేని కుక్క వీధికుక్క అవుతుంది. ఎక్కువ కష్టము దానికి, తరువాత కష్టము ఊరికి. కౌలుదారుడు కుక్కను ఉంచుకొనుటకు ఒప్పుకొనునో లేదో భూమి మాటతోపాటే అడిగి, పదిహేను రోజులు ముందుగా అతని ఇంటివారి చేత తిండి పెట్టించవలెను. ఒప్పుకొననిచో వేరొక ఇల్లు చూడవలెను.

జబ్బుకు, అలవాటుకు తేడా

పెద్ద కుక్క ఒక పూట తినకున్న భయము లేదు. రెండు రోజులు ముట్టకున్నా, వాంతులు, విరేచనాలు ఉన్నా పశువైద్యునికి చూపవలెను. కొత్త చోట తిరిగే కుక్క ఎలుకలకు పెట్టిన జింకు ఫాస్ఫైడు ఎరను తినే ప్రమాదము కలదు. అట్టి అనుమానమున్న గంట కూడ ఆగరాదు.

కారణము లేకుండ మీద పడి కరచుట, గొంతు మారుట, చొంగ కారుట, మ్రింగలేకపోవుట కనబడితే అది కొత్త వేళల ఇబ్బంది కాదు. పిచ్చి వ్యాధి కావచ్చును. దానిని ముట్టక, పశువైద్యశాలకు తెలుపవలెను. పిల్లకు మూడు నెలల వయస్సులో టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేటా వేయించుచుండవలెను. ఏ కుక్క కరచినను గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, సున్నము, కారము, పసరు వంటివి పెట్టక, ఆ రోజే ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టవలెను. ఈ వ్యాధి లక్షణాలు మనిషిలో బయటపడిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు లేదు.

సోదరులారా! వచ్చే పంటకు విత్తనము, ఎరువు, కూలీల లెక్క ముందుగానే వేసుకుంటాము. ఇంటి పద్ధతి ఏ నెలలో మారుతుందో కూడ మనకు ముందే తెలుస్తుంది. ఆ లెక్కలో కుక్కకు పదిహేను రోజుల గడువు చేర్చుకొనుడు. అందుకు ఖర్చు లేదు, కావలసినది ఓపిక. మన వేళకు అలవాటుపడిన కుక్క రాత్రి మొరిగినదంటే, లేచి చూడవలసిన పని నిజముగా ఉన్నదని నమ్మవచ్చును.