డోలిగుట్ట దారి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొండలంటే మనవాళ్ళకు వెంటనే పాపికొండలే గుర్తుకొస్తాయి. లాంచీలో కూర్చుని చూసి వస్తాం. తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తయిన డోలిగుట్ట మన పాత నూగూరు తాలూకా వైపు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు మీద ఉన్నదని చాలామందికి తెలియదు. దాని ఎత్తు 965 మీటర్లు, అంటే సుమారు 3,166 అడుగులు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ 1,680 మీటర్లు. దాని ముందు ఇది చిన్నదే. కానీ మన గోదావరి ఒడ్డు సముద్రమట్టానికి నూరు మీటర్ల లోపే గనుక, ఇంచుమించు ఆ ఎత్తంతా కాళ్ళతో ఎక్కవలసిందే.

1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చాయి. 2016లో వెంకటాపురం, వాజేడు మండలాలు జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు వెళ్ళాయి. ఫైళ్ళు తిరిగాయి గాని గుట్ట కదలలేదు.

1981 ఫిబ్రవరిలో జనాభా లెక్కల పనిమీద నాలుగు రోజులు ఆ కొండల అంచున గూడేలు తిరిగాను. దారి చూపిన కోయ పెద్దాయన మొదటి రోజే, "కాగితాలు నేను మోస్తా, నీ కాళ్ళు నువ్వే మొయ్యాల సారూ" అన్నాడు. తెల్లవారకముందే బయలుదేరేవాళ్ళం. ఎండెక్కేసరికి వాగు దగ్గర ఆగి జావ తాగేవాళ్ళం. దారి రెండుగా చీలినచోట వెనక వచ్చేవారి కోసం ఆయన ఒక కొమ్మ విరిచి పెట్టేవాడు. అందరిలోకీ మెల్లగా నడిచేవాణ్ణి ముందు నడిపించేవాడు. శిఖరం మీద ఇల్లు లేదు కనుక మా ఫారాలకు అక్కడ పని పడలేదు.

ఆ సరిహద్దులోనే కర్రెగుట్టలున్నాయి. అక్కడ మందుపాతరలు పెట్టామనీ, ఎవరూ రావద్దనీ 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులు ప్రకటించారు. ఆ నెల 21 నుంచి మే 11 వరకు భద్రతా దళాల గాలింపు సాగింది. అది తునికాకు కోసే కాలం. పట్నం కుర్రవాడు ఈ కొండ కాకపోతే మరో కొండ ఎక్కుతాడు. కట్టెలకూ, ఆకుకూ వెళ్ళే గూడెం ఆడపడుచుకు మరో కొండ ఎక్కడిది? ఆమె భయం లేకుండా వెళ్ళి వచ్చిన రోజునే ఆ కొండ దారి తెరుచుకున్నట్టు లెక్క.

మీ మనుమలు అటు వెళతామంటే, అటవీశాఖ అనుమతి తీసుకోమనండి. ముందుగా గూడెం పెద్దను అడగమనండి. ఆయన వద్దంటే వెనక్కి రమ్మనండి.

చివరిగా ఒక మనవి. నూగూరు, చర్ల, వాజేడు వైపు ఉద్యోగాలు చేసినవారు మనలో ఉన్నారు. మీరు నడిచిన బాటలు, దాటిన వాగులు, ఆగిన గూడేల పేర్లు జ్ఞాపకమున్నంతవరకు రాసి మన పత్రికకు పంపండి. మన తరం వెళ్ళిపోతే అవి ఏ రికార్డులోనూ దొరకవు.