ఆయమ్మకు పదో తరగతి



కోసిగిలో అంగన్‌వాడీ ఆయమ్మను చూస్తున్నారు కదా. పొద్దున్నే వచ్చి ఊడుస్తుంది. వంట చేస్తుంది. ఇల్లిల్లూ తిరిగి పిల్లోళ్లను పిలుచుకొస్తుంది. అమ్మానాయనలు మిరపకాయల కోతకని గుంటూరు దిక్కు సుగ్గికి పోతే, అవ్వ దగ్గర ఏ బిడ్డ ఉండిపోయిందో ఆమెకు తెలుసు. కన్నడం మాట్లాడే బిడ్డ ఏడిస్తే కన్నడంలోనే ఊరడిస్తుంది.

ఆమె కార్యకర్త కావాలంటే మాత్రం పదో తరగతి కాగితం అడుగుతారు. ఇన్నేండ్ల పని లెక్కలోకి రాదా? ఇది న్యాయమేనా?

సగం న్యాయమే. కార్యకర్త బిడ్డల బరువు తూచి రాయాలి. రిజిస్టరు నింపాలి. ఇప్పుడు ఫోనులో కూడా ఎక్కించాలి. బరువు తప్పు రాస్తే బక్కచిక్కిన బిడ్డ ఎవరి కంటా పడదు. చదువు కావాల్సిందే. అయితే ఆ చదువు వచ్చిందా లేదా అన్నది ఆమె చేతనే రాయించి చూడొచ్చు గదా! చిన్నప్పుడు బడి మాని చేనుకు పోయింది ఆమె తప్పా?

దారి లేకపోలేదు. 1991లో పెట్టిన సార్వత్రిక విద్యాపీఠం ఉంది. 14 ఏండ్లు నిండినవాళ్లు బడికి పోకున్నా దాని ద్వారా పదో తరగతి రాయొచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసు కానక్కరలేదు.

మరి పరీక్షనాడు కేంద్రంలో వంట ఎవరు చేస్తారు? ఫీజు ఎవరు కడతారు? కాగితం అడిగేవాళ్లే ఆ సెలవూ, ఆ ఫీజూ ఇయ్యాల.