అర్జీలో ఏమి అడగాలి?



పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో మన కుటుంబాలు బహు కొద్ది. ఓట్ల లెక్కతో మన పనులు జరిగే చోటు కాదిది. 2005 అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం మాత్రం తలలు లెక్కించదు. ఒక్క పౌరుడు అడిగినా అధికారి 30 రోజులలో బదులీయవలసినదే.

ఏండ్ల తరబడి గుమాస్తాగా దస్త్రాలు మోసినవారము గనుక ఒక మాట చెప్పగలము. ‘మా ఖబరస్తాన్ స్థలం ఎందుకు ఆక్రమించనిచ్చారు?’ అని చాలామంది అర్జీ వ్రాస్తారు. ఆ ‘ఎందుకు’కు జవాబు దస్త్రంలో ఉండదు. చట్టం ఇప్పించేది కార్యాలయంలో ఉన్న రికార్డును మాత్రమే. కనుక సర్వే నంబరు వేసి, దాని అడంగల్, ఎఫ్.ఎం.బి. పటం, మన పాత ఫిర్యాదుపై నడిచిన నోట్ ఫైలు ప్రతులు కోరండి. ఏ కాగితం ఎవరి బల్లపై ఎన్నాళ్లు నిద్రించిందో నోట్ ఫైలే తేదీలతో చెబుతుంది. ఆ స్థలం వక్ఫ్ గెజిట్‌లో ఉన్నదీ లేనిదీ వక్ఫ్ బోర్డును వేరే అర్జీతో అడగండి.

నీటి విషయమూ ఇంతే. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి మసీదనీ గుడనీ చూడలేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఎన్నో ఇళ్లు దానివల్ల కుంగిపోయాయి. ఇదీ కారణమని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడ మంజూరైన వైద్యుల పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, మన ఊరి బోరు నీటి పరీక్షల నివేదికలలో ఏమున్నది? ఇవన్నీ అడిగి తీసుకొనదగిన కాగితాలే. ఇరుగుపొరుగు హిందూ సోదరులనూ వెంటబెట్టుకొనండి, దాహం అందరిదీ.

రుసుముకు జంకవద్దు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఉచితం, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. ‘నీకెందుకయ్యా?’ అని ఎవరైనా గద్దిస్తే, కారణం చెప్పనక్కరలేదన్న 6వ సెక్షన్ చూపండి. వ్రాయలేనివారు నోటితో చెప్పినా దానిని వ్రాతలో పెట్టుటకు అధికారి సాయపడాలి.

గడువు దాటితే అదే కార్యాలయపు పై అధికారికి 30 రోజులలోగా మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకుంటే 90 రోజులలోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవది. రసీదు లేని అర్జీకి అప్పీలు నిలబడటం కష్టం, కనుక రసీదును భద్రపరచండి.

సభ ముగిసిన పిదప మేము ఇక్కడే కూర్చుంటాము. సర్వే నంబరు తెలిసినవారు ముందుకు రండి, ఈ పూటే వ్రాసి ఇస్తాము.